వాగు పక్కన వాకింగ్ ట్రాక్: గ్రావెల్ తోలకముందే చూసుకోవలసిన సంగతులు

ప్రశ్న: మాది విజయవాడలో, బుడమేరులో కలిసే ఒక వాగు పక్కనున్న కాలనీ. మాకూ వాగుకూ నడుమ ఏడెనిమిది ఎకరాల పల్లం ఉంది. ఏడాదిలో సగం రోజులు నీళ్లు నిలిచి, తుంగ, జమ్ము పెరిగి ఉంటుంది. పోరంబోకు అంటున్నారు. అక్కడ వాకింగ్ ట్రాక్ వేసి, మొక్కలు, లైట్లు పెట్టాలని మా సంక్షేమ సంఘం తీర్మానించింది. ఒక దాత గ్రావెల్ తోలించి, పైన సిమెంటు వేయించి, ముందు ఆర్చి కట్టిస్తానన్నారు. 2024లో ఇళ్లు మునిగిన పెద్దలు కొందరు ఒప్పుకోవడం లేదు, కోర్టుకు వెళ్తామంటున్నారు. ట్రాక్ కొంత దూరం ఒకరి పట్టా స్థలం గుండా వెళ్లాలి. ఆయన నోటిమాటగా సరేనన్నారు. చట్టం ఏమంటుంది?
– సంఘం కార్యదర్శి, విజయవాడ

జవాబు: కార్యదర్శి గారూ, ట్రాక్ వేయవచ్చు. కానీ మీ సంఘం వేయకూడదు. దాత చెప్పిన పద్ధతిలో ఎవరూ వేయకూడదు.

ముందు ఆ పోరంబోకు ఏ రకమో తేలాలి. ఆర్‌ఎస్‌ఆర్ (భూమి ఏ రకమో రాసి ఉండే పాత సర్వే రిజిస్టరు), ఎఫ్‌ఎంబీ (హద్దులు, కొలతల పటాల పుస్తకం) నకళ్ల కోసం తహసీల్దారుకు అర్జీ పెట్టండి. జాప్యం చేస్తే సమాచార హక్కు చట్టం కింద అయిదు రూపాయల రుసుముతో దరఖాస్తు వేయండి, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. రికార్డులో వాగు అనో చెరువు అనో ఉంటే, ప్రభుత్వం కూడా దాన్ని ఇష్టం వచ్చినట్టు వాడుకోలేదు. తిరుపతి దగ్గరి అవిలాల, పేరూరు చెరువుల కేసులో 2006లో సుప్రీంకోర్టు చెప్పింది ఇదే: ఇలాంటి వనరులకు ప్రభుత్వం ధర్మకర్త మాత్రమే. ఊరుమ్మడి చెరువుల ఆక్రమణలను డబ్బు కట్టించుకుని క్రమబద్ధం చేయడం కుదరదని 2011లో జగ్‌పాల్ సింగ్ కేసులో తేల్చింది. కాబట్టి పని చేపట్టవలసింది నగరపాలక సంస్థ, అదీ జలవనరుల శాఖ నుంచి నిరభ్యంతర పత్రం తీసుకున్నాకే. మీ తీర్మానం అర్జీకి జత చేయడానికి పనికివస్తుంది, అంతకు మించి దానికి విలువ లేదు.

ఇక అది చిత్తడి నేల అవునా కాదా అన్న ప్రశ్న. 2017 నాటి చిత్తడి నేలల నిబంధనలు నదీ ప్రవాహ మార్గాలను, వరి పొలాలను, సాగునీటి కోసం తవ్విన చెరువులను లెక్కలోంచి తీసేశాయి. అంటే వాగు ఈ నిబంధనల నుంచి బయటపడుతుంది. దాని పక్కన తుంగ పెరిగిన పల్లం బయటపడుతుందని మాత్రం నేను హామీ ఇవ్వలేను. ఉపగ్రహ చిత్రాలతో గుర్తించిన, 2.25 హెక్టార్లు దాటిన చిత్తడి నేలలన్నిటినీ నోటిఫై చేయకముందే కాపాడాలని సుప్రీంకోర్టు 2017లో ఆదేశించింది. వాటి హద్దులను క్షేత్రస్థాయిలో తేల్చమని 2024 డిసెంబరులో రాష్ట్రాలకు మళ్లీ చెప్పింది. 2.25 హెక్టార్లంటే సుమారు అయిదున్నర ఎకరాలు. మీ పల్లం అంతకంటే పెద్దది. ఆ జాబితాలో ఉందో లేదో రాష్ట్ర చిత్తడి నేలల ప్రాధికార సంస్థను రాతపూర్వకంగా అడగండి.

ఉంటే, నిబంధనలు వచ్చిన నాటికి గడచిన పదేళ్ల సగటు గరిష్ఠ వరద మట్టం నుంచి 50 మీటర్ల లోపు శాశ్వత నిర్మాణం నిషిద్ధం. ఆ నిషేధంలో మినహాయింపు ఇచ్చింది పడవల రేవుకు మాత్రమే. శాశ్వత నిర్మాణమంటే ఏమిటో నిబంధనల్లో నిర్వచించలేదు కానీ, సిమెంటు రోడ్డు శాశ్వతం కాదని వాదించే సాహసం నేనైతే చేయను. నేల మట్టానికి చదును చేసిన మట్టి బాటకో, విప్పి తీసేయగల చెక్క వంతెనకో వాదన నిలబడే అవకాశం ఎక్కువ.

జాబితాలో లేకపోయినా భవన నిర్మాణ నిబంధనలు ఉండనే ఉన్నాయి. పది మీటర్లకు మించి వెడల్పున్న వాగు హద్దు నుంచి 9 మీటర్లు, అంతకంటే చిన్నదైతే 2 మీటర్లు వదలాలి. ఆ వదిలిన జాగాను పచ్చదనానికి, ఆహ్లాదానికి కేటాయించాలని అదే నిబంధన అంటోంది. మీ కోరికకు చట్టంలో ఉన్న బలమైన ఆధారం ఇదే, అర్జీలో ముందు దీన్నే రాయండి. వాగు గర్భంలో మాత్రం ఏ పనీ చేయరాదు. వాట్సాప్‌లో తిరిగే జాతీయ హరిత ట్రైబ్యునల్ (ఎన్‌జీటీ) 75 మీటర్ల ఆదేశాన్ని పట్టించుకోకండి. అది బెంగళూరు చెరువుల సంగతి, సుప్రీంకోర్టు 2019లోనే కొట్టేసింది.

నన్ను ఎక్కువగా కలవరపెట్టింది గ్రావెల్. బుడమేరు కొల్లేరుకు పోయే ఏరు. 2024 సెప్టెంబరులో డైవర్షన్ కాలువకు గండ్లు పడి సింగ్ నగర్ పరిసరాలు రోజుల తరబడి నీళ్లలో నానిన సంగతి మీకు నేను చెప్పాలా? మూడు మీటర్ల వెడల్పున, మీటరు ఎత్తున, అర కిలోమీటరు గ్రావెల్ పోస్తే, 15 లక్షల లీటర్ల నీరు నిలిచే చోటు పోతుంది. అసలు నష్టం అదికాదు. ఆ ఎత్తు గట్టులా పనిచేస్తుంది. వాగు పొంగినప్పుడు నీరు పల్లంలోకి విస్తరించలేక ఎదుటి ఒడ్డు ఇళ్ల మీద పడుతుంది. మీ వీధుల్లో కురిసిన వాన వాగులోకి దిగక మీ గుమ్మాల్లోనే నిలుస్తుంది. సహజ ప్రవాహం అడ్డం లేకుండా సాగే హక్కు, ఎగువ నేల నీరు దిగువకు జారే హక్కు 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం ఏడో సెక్షన్‌లోనే ఉన్నాయి. ఎదుటి ఒడ్డువారు నష్టపరిహారం దావా వేస్తే అందులో ప్రతివాదులు సంఘం అధ్యక్షుడు, కార్యదర్శి. దాత పేరు ఆర్చి మీద ఉంటుంది, సమన్లు మీకు వస్తాయి.

అందుకని వరదొస్తే మునిగే ట్రాక్ కోరండి. నేల ఎత్తు అంగుళం కూడా పెంచకూడదు. అడ్డుకాలువలు ఉన్నచోట తూములు పెట్టాలి. లైట్ల స్విచ్ బోర్డులు 2024 నీటి మట్టం కంటే పైన ఉండాలి. ఆ మట్టం ఎంతో జలవనరుల శాఖ నుంచి కాగితం మీద తీసుకోండి. పెద్దల అభ్యంతరంలో చాలా భాగం అక్కడితో తీరిపోతుంది.

తీరకపోతే వాళ్లకు దారులున్నాయి, ఈ శీర్షిక వాళ్లూ చదువుతారు కనుక చెబుతున్నాను. చిత్తడి నేలల నిబంధనల ఉల్లంఘన అయితే చెన్నైలోని ఎన్‌జీటీ దక్షిణ మండల ధర్మాసనానికి ఆరు నెలల్లో వెళ్లాలి. తగిన కారణం చూపితే మరో 60 రోజుల గడువు దొరుకుతుంది. పరిహారం అడగకపోతే రుసుము వెయ్యి రూపాయలు. ప్రజల దారికో నీటికో అడ్డు తొలగించమని భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 152వ సెక్షన్ కింద ఆర్‌డీఓను కూడా అడగవచ్చు. ఎన్‌జీటీకి వెళ్తే పని ఆగిపోతుందనుకోనక్కర్లేదు. 2017 నవంబరులో అమరావతి కేసులో నిర్మాణాన్ని ఆపలేదు, షరతులు పెట్టి కమిటీలను వేసింది.

పట్టాదారు నోటిమాటను నమ్మకండి. అది కేవలం అనుమతి, రేపు ఆయనో, ఆయన వారసులో వెనక్కి తీసుకోవచ్చు. స్థిరాస్తి దానం రిజిస్టరు అయితేనే చెల్లుతుంది. బాట మేరకు స్థలాన్ని నగరపాలక సంస్థ పేర రిజిస్టరు చేయించాలి. ఉచితంగా ఇవ్వడం ఇష్టం లేకపోతే టీడీఆర్ బాండు (స్థలానికి బదులుగా అదనపు నిర్మాణ హక్కు ఇచ్చే పత్రం) వస్తుందేమో నగరపాలక సంస్థను అడిగి తెలుసుకోమని ఆయనకు చెప్పండి.

ఆర్చి ఆలోచన మానుకోండి. దాత నొచ్చుకుంటే, సంస్థ అనుమతితో వేసే బెంచీల మీద ఆయన పేరు రాయించవచ్చు. గ్రావెల్ లారీలు మాత్రం కాగితాలన్నీ వచ్చేదాకా కాలనీ మలుపు దాటకుండా చూసుకోండి.