చాయ్ పత్తిల పుట్టకొక్కులు పండుతయా?

ప్రశ్న: మా ఇంటాయనకు హన్మకొండ చౌరస్తా దగ్గర చాయ్ బండి ఉంది సార్. రోజుకో బకెట్ వాడిన పత్తి వస్తది. పారేయబుద్ధి కాక అందుల ఇంట్ల మిగిలిన అన్నం, కూరగాయల పొట్టు కలిపి కవర్లల్ల నింపి ముత్యపు చిప్ప పుట్టకొక్కుల విత్తనం వేసిన. వారం తిరగకముందే పచ్చగ బూజు పట్టి పులిసిన వాసన, మూడు కవర్లూ పెంటకుప్పల పోసిన. విత్తనం మంచిది కాదంటరా?
- ఒక పాఠకురాలు, హన్మకొండ

జవాబు: విత్తనాన్ని తిట్టకండమ్మా, తప్పు అన్నానిది. పుట్టకొక్కు దారాలు కవరంతా అల్లుకోవడానికి 15 నుంచి 20 రోజులు పడ్తది, అన్నం మీద బూజుకు రెండ్రోజులు చాలు, ఇగ ఎవరు గెలుస్తరో మీరే చూసిన్రు. ఆ పచ్చది చాలావరకు ట్రైకోడెర్మా అనే బూజే. మన రైతులు పసుపుకు, మిర్చికి కుళ్ళు రాకుండా పశువుల ఎరువుల కలిపి చల్లేది కూడా ఆ జాతిదే, పొలంల దోస్తు, కవర్ల దుష్మన్ అన్నట్టు. మిగిలిన అన్నం కోళ్ళకేయండి.

పత్తిని మాత్రం వదులుకోవద్దు. కాకపోతే మన చాయ్‌ల పాలు, చక్కెర కూడా మరుగుతయి కదా, అవే బూజుకు విందు. నీళ్ళు తేటగా వచ్చేదాకా రెండు మూడుసార్లు కడిగి, గట్టిగ పిండి, అదే రోజు వాడండి. అదీ కొంచెమే, నాలుగు వంతుల వరిగడ్డికి ఒక వంతు. గడ్డిని రెండంగుళాల ముక్కలు కొట్టి రాత్రంతా నానబెట్టి, తెల్లారి 80 డిగ్రీల వేడినీళ్ళల్ల గంటసేపు ఉంచి ఆరబెట్టాలె. చాలామంది ఇక్కడే తొందరపడ్తరు. గుప్పిట్ల పట్టి పిండితే అరచెయ్యి తడవాలె గానీ చుక్క కారొద్దు, కారితే ఇంకో గంట ఆరనియ్యండి. పత్తి కూడా కలిపినంక పది కిలోలుంటే 300 గ్రాముల విత్తనం, పొరలు పొరలుగా. మూతి కట్టి, అక్కడక్కడ చిల్లులు పొడిచి, చీకటి గదిల పెట్టండి. కవరంతా ఎనుమాముల మార్కెట్ల దూది లెక్క తెల్లగైనంక కోసి, వెలుతురు తగిలే జాగకు మార్చి రోజుకు రెండు మూడుసార్లు నీళ్ళు స్ప్రే చేస్తే చాలు. ఒక్క కవర్ తోనే మూడు కోతలు తీయొచ్చు, కిలో ఎండుగడ్డికి అరకిలో ఎటూ పోదు, ఆ తర్వాత ఆ గడ్డి ఎరువుకు బంగారం.

మన దగ్గర ఎండలు ముదిరితే మాత్రం ఈ రకం నిలవదు, మార్చి దాటినంక వేయకండి. ఎండకాలానికి పాల పుట్టకొక్కు ఉంది, 30–35 డిగ్రీలల్ల కూడా వస్తది, కానీ దానికి పైన మట్టి పొర వేసే పని ఉంటది. ఆ ముచ్చట ఈ చలికాలం కోత చేతికొచ్చినంక అడగండి, చెప్త.