ఆర్వీ కొనేముందు దాన్ని ఎక్కడ నిలుపుతావో తేల్చుకో, నాన్నా

నాన్నా,

అపార్ట్‌మెంట్ లీజు అయిపోగానే ఆర్వీ, అదే లోపలే పడక, వంటిల్లు, బాత్రూం ఉండే బండి, కొనుక్కుని అందులోనే కాపురం పెట్టేస్తామని నువ్వూ కోడలూ అనుకుంటున్నారట, మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. "ఇల్లూ వాకిలీ లేకుండా రోడ్ల మీద తిరుగుతారట అక్కా" అని ఒకటే బాధ. దాన్ని నేను సముదాయిస్తాలే. మేము ఇల్లు అమ్మేసి ఇలాగే బతుకుతున్నాం, హాయిగానే ఉన్నాం, కాబట్టి వద్దని చెప్పడానికి రాయడం లేదు. కానీ నువ్వు మీ పెదనాన్నకి పంపిన లింకులన్నీ చూశాను, అన్నీ బండి గురించే. ఎన్ని అడుగుల పొడుగు, సోలార్ ఎన్ని వాట్లు, ఇంటర్నెట్‌కి స్టార్‌లింక్ ఎక్కడ బిగించాలి, ఇవే. రాత్రికి దాన్ని ఎక్కడ నిలుపుతావు, ఎవరు నిలపనిస్తారు, ఎన్నాళ్లు నిలపనిస్తారు, ఆ మాట ఒక్కటీ లేదు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది మీ ప్లాను. చేతిలో డబ్బుంటే ఈ దేశంలో బండి ఒక్క పూటలో దొరుకుతుంది. ఏడాది పొడుగునా చట్టప్రకారం అందులో ఉండగలిగే చోటు దొరకడమే కష్టం. ముందు ఆ చోటు కాగితం మీద ఖాయం చేసుకో, తర్వాతే బండికి అడ్వాన్సు ఇవ్వు.

అసలు చిక్కు ఎక్కడుందో చెప్తాను. అమెరికా చట్టం దృష్టిలో ఆర్వీ ఇల్లు కాదు. 2018లో ఫెడరల్ హౌసింగ్ శాఖ ఇచ్చిన నిర్వచనంలోనే ఉంది, అది విహారానికి తయారైన వాహనం, శాశ్వత నివాసానికి ఉద్దేశించింది కాదు అని. అందులో ఉండకూడదని ఆ శాఖ నిషేధించలేదు, ఎక్కడ ఉండొచ్చో తేల్చే పని ఊళ్లకీ కౌంటీలకీ వదిలేసింది. అవేమో ఎక్కువ భాగం, ఇళ్లున్న వీధుల్లో ఆర్వీని ఇంటి పక్కన పెట్టుకోనిస్తాయి గానీ అందులో పడుకోనివ్వవు. నిలపడం వేరు, నివసించడం వేరు. ఈ రెండూ ఒకటే అనుకుని స్థలం ఓనరు సరేనన్నాడు కదా అని ధీమాగా ఉంటారు చాలామంది. ఓనరు ఒప్పుకోవడం ఒక ఎత్తు, సిటీయో కౌంటీయో ఒప్పుకోవడం ఇంకో ఎత్తు, ఆ ఒప్పుకోలు ఎన్ని రోజులకి అన్నది మూడో సంగతి. మూడింట్లో ఏ ఒక్కటి తేలకపోయినా అది నీ చోటు కాదు.

మీ ఫ్రెండ్ బ్యాక్‌యార్డ్‌లో పెట్టుకుంటామని కూడా అనుకుంటున్నారట. పోర్ట్‌లాండ్‌లో అయితే సరే అనేదాన్ని. అక్కడ 2021 ఆగస్టు నుంచి ఇల్లున్న స్థలంలో ఒక ఆర్వీలో మనుషులు ఉండొచ్చని రూలు మార్చారు, బండిలో బాత్రూం వాడేట్టయితే మురుగునీటి కనెక్షన్ కూడా సరిగ్గా ఇవ్వాలి. అలా మార్చుకున్న ఊళ్లు తక్కువ. మీ డాలస్ చుట్టుపక్కల సబ్‌డివిజన్లలో సిటీ ఊరుకున్నా హోమ్ ఓనర్స్ అసోసియేషన్ వాళ్లు ఊరుకోరు, నోటీసు వచ్చేది నీకు కాదు, నీ మీద అభిమానంతో చోటిచ్చిన ఆ ఫ్రెండ్‌కి. ఆ పని చెయ్యకు.

ఇక మనవాళ్లకి స్థలం అంటే ఉన్న మోజు సంగతి. ఊరి బయట ఎకరం కొని అందులో ఆర్వీ వేసుకుంటే అద్దె లేదు, రేటూ పెరుగుతుంది అని లెక్కలు వేస్తారు. టెక్సాస్‌లో ఇది కొంతవరకు నిజమే, ఎందుకంటే అక్కడ ఊరి పొలిమేర దాటితే కౌంటీలకి జోనింగ్ అధికారం, అంటే ఏ స్థలం దేనికి వాడాలో చెప్పే అధికారం, దాదాపు లేదు. కానీ జోనింగ్ లేనంత మాత్రాన ఏ అడ్డూ లేదని కాదు. మాకు తెలిసిన ఒక తెలుగు కుటుంబం అలాగే కొన్నారు, బోరు కూడా వేయించారు, ఆర్వీ తెచ్చి పెట్టారు. కొన్నాళ్లకి సెప్టిక్ పర్మిట్ ఏదని కౌంటీ నుంచి కాగితం వచ్చింది. మురుగు ఎక్కడికి పోతోందన్నది కౌంటీ కచ్చితంగా అడుగుతుంది. సెప్టిక్ సంగతి చూసుకుందాం అని దస్తావేజులు తీసి చదివితే, ఆ భూమిని ముక్కలు చేసి అమ్మినవాడు ఎప్పుడో రాసిన షరతుల్లో "మొబైల్ హోమ్‌లు, ఆర్వీలు నివాసానికి వాడరాదు" అని ఒక లైను ఉంది. ఆ షరతు స్థలంతో పాటే వస్తుంది, కొన్నవాడికి తెలిసినా తెలియకపోయినా. ఇప్పుడు ఆ స్థలం ఖాళీగా ఉంది, వాళ్లు అద్దె ఇంట్లో ఉన్నారు. కాబట్టి స్థలం ఆలోచన ఉంటే రియల్టర్ మాట కాదు, ఆ డీడ్ రిస్ట్రిక్షన్ల కాపీ తెప్పించుకుని మొదటి పేజీ నుంచి చివరిదాకా చదువు. కౌంటీ ఆఫీసుకి ఫోన్ చేసినప్పుడు "ఆర్వీ పెట్టుకోవచ్చా" అని అడగొద్దు, పెట్టుకోవచ్చనే అంటారు. "ఫలానా పార్సెల్ నంబరు స్థలంలో ఆర్వీలో ఏడాదంతా నివాసం ఉండొచ్చా, దానికి ఏ పర్మిట్లు కావాలి" అని అడుగు. జవాబు ఈమెయిల్‌లో పంపమను. ఫోన్లో చెప్పిన మాట రేపు ఎవరికీ గుర్తుండదు.

మీ ఇద్దరి పరిస్థితికి నేను చెప్పేది నెలవారీ ఆర్వీ పార్కు. కరెంటు, నీళ్లు, మురుగు, మూడూ ఉన్న సైటు, అంటే ఫుల్ హుకప్. ఫోన్ చేసి నెల రేటు ఎంత అని మాత్రమే అడిగి పెట్టేయకు. లాంగ్ టర్మ్ అంటే వాళ్ల లెక్కలో ఎన్నాళ్లు అని అడుగు. కొన్ని పార్కుల్లో ఆరు నెలలు దాటితే బండి బయటికి తీయాలి, ఆ గడువు ఓనరు పెట్టిందా సిటీ పెట్టిందా కనుక్కో, ఎందుకంటే ఓనరు పెట్టిందైతే మాట్లాడుకోవచ్చు, సిటీదైతే ఎవరూ ఏమీ చేయలేరు. కరెంటు నెల రేటులో కలిసి ఉందా, వేరే మీటరా? టెక్సాస్ ఎండల్లో రెండు ఏసీలు వేస్తే ఆ బిల్లు చిన్నదేం కాదు. బండి పదేళ్లు దాటితే రానివ్వమనే పార్కులు చాలా ఉన్నాయి, నువ్వు చూస్తున్న ఆ పాత ఫిఫ్త్ వీల్‌కి, అదే పికప్ ట్రక్కుతో లాగే ఆ ట్రైలరుకి, అదొక తలనొప్పి. 55 ఏళ్లు దాటినవాళ్లకే అనే పార్కులు కొన్ని, అక్కడ మాకు చోటుంది, మీకు లేదు. ఉత్తరాలు ఆ అడ్రసుకి తెప్పించుకోనిస్తారా అని కూడా అడుగు. ఇవన్నీ అడిగాక రూల్స్ కాగితం పంపమను, పంపనన్న పార్కుని వదిలేయ్.

కాలిఫోర్నియా వైపు వెళ్లే ఆలోచన ఉంటే ఒక మాట. అక్కడి చట్టంలో ఆర్వీ పార్కులో 30 రోజులు దాటి వరసగా ఉంటే నువ్వు గెస్ట్ నుంచి అద్దెదారు అవుతావు, తొమ్మిది నెలలు దాటితే రెసిడెంట్ అవుతావు, దశ మారేకొద్దీ ఖాళీ చేయించడం వాళ్లకి కష్టం. అందుకే కొన్ని చోట్ల 30వ రోజు రాకముందే ఓసారి బయటికి వెళ్లి రమ్మంటారు. అది చెప్పారంటే నిన్ను అక్కడ నిలకడగా ఉండనివ్వడం వాళ్లకి ఇష్టం లేదని అర్థం చేసుకో.

పార్కు ఎంచుకునేటప్పుడు నది ఒడ్డు ఫోటోలు చూసి మురిసిపోవద్దు నాన్నా. 2025 జులై 4 తెల్లవారుజామున టెక్సాస్‌లో గ్వాడలుపే నది పొంగినప్పుడు ఒడ్డునున్న ఆర్వీ పార్కులు మనుషులతో సహా కొట్టుకుపోయాయి. ఒక్క కెర్ కౌంటీలోనే వంద మందికి పైగా పోయారు. ఆ వారమంతా నాకు నిద్ర పట్టలేదు. ఫెమా అనే ఫెడరల్ విపత్తు సంస్థ వాళ్ల వరద మ్యాపులు ఎవరైనా చూడొచ్చు, పార్కు అడ్రసు కొడితే ఆ చోటు వరద జోన్‌లో ఉందో లేదో తెలుస్తుంది. దీంట్లో చట్టం సంగతి కూడా ఉంది. ఫెడరల్ వరద బీమా నిబంధనల కింద, అలాంటి జోన్‌లో ఆర్వీ వరసగా 180 రోజుల కంటే తక్కువే ఉండాలి, లేదంటే రిజిస్ట్రేషన్‌తో, చక్రాల మీద, ఎప్పుడంటే అప్పుడు రోడ్డెక్కేలా ఉండాలి. బండి చుట్టూ చెక్క డెక్కు కట్టి, చక్రాలు తీసేసి స్థిరపడిపోయావంటే అక్కడ రూలు దాటినట్టే. చట్టం సంగతి అలా ఉంచు, మీరు నిద్రపోయే చోటు నీళ్లొచ్చే దారిలో ఉండకూడదు, అంతే.

ఇంక ఫ్రీగా ఎడారుల్లో ఉంటామని నువ్వు చూస్తున్న వీడియోల గురించి. బీఎల్ఎమ్ అనే ఫెడరల్ సంస్థ చేతిలో ఉన్న భూముల్లో చాలా చోట్ల ఉచితంగా క్యాంపు చేయొచ్చు, కానీ 28 రోజుల్లో 14 రోజులే, ఆ తర్వాత చాలా చోట్ల 25 మైళ్ల అవతలికి పోవాలి. నేషనల్ ఫారెస్టులోనూ ఎక్కువగా 14 రోజులే. అక్కడ ఇంకో మెలిక ఉంది, అడవి భూమిని నివాసంగా వాడటమే ఫెడరల్ నిబంధనల్లో నిషేధం. అంటే రోజులు లెక్కపెట్టుకుంటూ అటూ ఇటూ మారినా, ఇతను ఇక్కడే కాపురం ఉంటున్నాడని రేంజర్‌కి అనిపిస్తే టికెట్ రాయొచ్చు. సెలవులకి వెళ్లడానికి అవి స్వర్గం. ఇల్లుగా లెక్కేసుకోవడానికి కాదు.

ఎడారిలో నిజంగా చట్టప్రకారం నెలల తరబడి ఉండాలంటే ఒక దారి ఉంది, అది మాకు బాగా ఇష్టం. అరిజోనా, కాలిఫోర్నియా సరిహద్దుల్లో బీఎల్ఎమ్ వాళ్లే 1983 నుంచి లాంగ్ టర్మ్ విజిటర్ ఏరియాలని నడుపుతున్నారు. సెప్టెంబరు 15 నుంచి ఏప్రిల్ 15 దాకా సీజను. ఆ ఏడు నెలలకీ కలిపి పర్మిట్టు చాలా ఏళ్లు 180 డాలర్లే, వెళ్లేముందు ఇప్పటి రేటు చూసుకో. స్టిక్కరు బండి ముందద్దానికి అతికించాలి. అరిజోనాలో క్వార్ట్‌జ్‌సైట్ ఊరి పక్కన లా పోసా అనే ఏరియాలో నీళ్లు పట్టుకునే చోటు, ట్యాంకు ఖాళీ చేసే డంప్ స్టేషను, చెత్త వేసే చోటు ఉంటాయి. సైటు దగ్గర కరెంటు లేదు, కొళాయి లేదు. పొద్దున లేచి నీళ్ల ట్యాంకు మీటరు చూసుకుని, ఇవాళ గిన్నెలు కడగాలా లేక రేపటికి ఆపాలా అని నిర్ణయించుకునే బతుకు అది. కుక్కరు కడిగిన నీళ్లు కూడా నేల మీద పారబోయకూడదు, బండి కింద వాడిన నీళ్లు పట్టే గ్రే ట్యాంకులోకే పోవాలి. చలికాలంలో చుట్టూ వేలాది బండ్లు, సాయంత్రం మంటల దగ్గర కబుర్లు, భయమన్నది లేదు. వేసవి ఎండలకి మాత్రం అక్కడ ఎవరూ ఉండరు, అందుకే ఆ మిగిలిన అయిదు నెలలకి ఇంకో చోటు ముందే చూసుకోవాలి. మేమైతే ఆ నెలలు ఏదో ఒక సరస్సు దగ్గర క్యాంప్ హోస్ట్‌లుగా ఉంటాం, వారానికి ఇన్ని గంటలని పని చేస్తే హుకప్‌తో సైటు ఇస్తారు. మీరు మాత్రం అది పెట్టుకోవద్దు. పనికి బదులుగా సైటు ఇవ్వడాన్ని కూడా జీతంగా లెక్కవేసే అవకాశం ఉంది, హెచ్1బీ మీద ఉన్నవాళ్లు అలాంటి చిక్కులో పడకూడదు.

వాల్‌మార్ట్ పార్కింగ్‌లో పడుకోవడం ప్రయాణంలో ఒక రాత్రికి, అదీ మేనేజరు సరే అంటేనే. ఊళ్లో వీధుల్లో నిలపడం మాత్రం పూర్తిగా మర్చిపో. 2024 జూన్‌లో గ్రాంట్స్ పాస్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక బయట పడుకునేవాళ్ల మీద ఊళ్లు జరిమానాలు వేయడం ఇంకా తేలికైంది.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైంది. నువ్వు ఇంటి నుంచి పని చేస్తున్నావు, అంటే హెచ్1బీ లెక్కలో నీ ఇల్లే నీ వర్క్‌సైటు. అదే మెట్రో ఏరియాలో మారితే పెద్ద గొడవ ఉండదు, కొత్త చోట ఎల్‌సీఏ, అంటే నీ పని చోటు, జీతం చూపిస్తూ కంపెనీ లేబర్ శాఖకి పెట్టే కాగితం, దాని నోటీసు పెడితే చాలు. మెట్రో ఏరియా దాటితే మాత్రం కొత్త ఎల్‌సీఏ, అమెండెడ్ పిటిషను కావాలి, ఇమిగ్రేషన్ వాళ్ల 2015 సిమియో కేసు నిర్ణయం నుంచి ఇది స్పష్టంగా ఉంది. కొద్ది రోజులకి మినహాయింపు ఉన్నా దానికి షరతులున్నాయి. అంటే గ్రీన్‌కార్డు చేతికొచ్చేదాకా నెలకో రాష్ట్రం తిరుగుతూ పని చేయడం నీకు కుదరదు. డాలస్ మెట్రో లోపలే పార్కు చూసుకో, తిరగడం సెలవుల్లో పెట్టుకో. బండి కొనకముందే కంపెనీ లాయర్‌కి రాసి, జవాబు రాతలో తెప్పించుకో. అడ్రసు మారిన 10 రోజుల్లో ఇద్దరూ ఇమిగ్రేషన్ వాళ్లకి అడ్రసు మార్పు ఫారం ఏఆర్-11 పెట్టాలి, కోడలిది మర్చిపోవద్దు.

అడ్రసు అన్నాను కాబట్టి, ఉత్తరాలు అందుకుని పంపించే సర్వీసులు ఉన్నాయి, టెక్సాస్ లివింగ్‌స్టన్‌లో ఉన్న ఎస్కేపీస్ అనే ఆర్వీ క్లబ్బు వాళ్లది పాతది, నమ్మకమైంది. నీ ఉత్తరాలు వాళ్లు తీసుకోవచ్చని పోస్టాఫీసు ఫారం 1583 నింపి ఇవ్వాలి. కానీ అది ఉత్తరాల అడ్రసు మాత్రమే, నువ్వు నిజంగా ఎక్కడ పడుకుంటున్నావో అడిగే ఫారాల్లో అది రాయకూడదు. టెక్సాస్ అడ్రసు ఉంది కదా, స్టేట్ ట్యాక్స్ లేదు కదా అని కాలిఫోర్నియాలో మూడు నెలలు కూర్చుని పని చేస్తే ఆ మూడు నెలల ఆదాయం మీద పన్ను కాలిఫోర్నియా అడుగుతుంది.

బీమా ఫుల్‌టైమర్ పాలసీ, అంటే బండిలోనే కాపురం ఉండేవాళ్ల పాలసీ, తీసుకో, మామూలుది చాలదు. లోను ఇచ్చేవాడికి, వారంటీ ఇచ్చేవాడికి ఇందులోనే కాపురం ఉంటామని ముందే చెప్పు. దాచి కొంటే తర్వాత క్లెయిమ్ దగ్గర అదే సాకు చూపించి తప్పుకుంటారు.

ఈ వారంలో ఒక మూడు నాలుగు పార్కులకి ఫోన్ చెయ్యి. శనివారం కోడలిని తీసుకుని స్వయంగా వెళ్లి చూడండి, ఆఫీసులో కాదు, లోపల నడుస్తూ అక్కడ ఏళ్లుగా ఉంటున్నవాళ్లని పలకరించండి, అద్దె ఎప్పుడు పెంచారు, వాన పడితే నీళ్లు ఎక్కడ నిలుస్తాయి, రాత్రి గేటు వేస్తారా, వాళ్లే చెప్తారు. రూల్స్ కాగితం చేతికి రాగానే ఫోటో తీసి నాకు పంపు. సంతకం మాత్రం మేం చదివాకే. మీ అమ్మతో నేను మాట్లాడతాను, ఆ టెన్షన్ నువ్వు పెట్టుకోకు.

మీ పెద్దమ్మ