సొంత మనవడిని కాను, పోయిన తాతను ఎలా గుర్తుపెట్టుకోవాలి?

మీ ప్రశ్న చదివి చాలాసేపు అలాగే కూర్చున్నాను. పక్కింటి పెద్దాయన మిమ్మల్ని సొంత మనవడిలా చూసుకున్నారు. ఆయన పోతే కర్మల్లో మీకు చోటు లేదు. ఏడిస్తే "నీకేమవుతాడు?" అని అడుగుతున్నారు. ఇక ఆయన్ను ఎలా గుర్తుపెట్టుకోవాలి అన్నారు. నాకూ అచ్చంగా ఇదే జరిగింది.

నేను తాతా అని పిలిచింది మా ఇంటి ఓనర్‌ను. 2012లో నల్గొండ జిల్లా నుంచి గ్రూప్స్ ప్రిపరేషన్‌కని హైదరాబాద్ వచ్చి, అశోక్‌నగర్‌లో వాళ్ల డాబా మీద గది అద్దెకు తీసుకున్నాం, ముగ్గురం. కింద ఆయన ఒక్కరే ఉండేవారు. భార్య అప్పటికే పోయారు. కొడుకు అమెరికాలో, కూతురు దిల్‌సుఖ్‌నగర్‌లో. తాత ఆల్విన్‌లో ఫిట్టర్‌గా చేసి రిటైర్ అయ్యారు. చిన్నవయసులో సనత్‌నగర్ దాకా రోజూ సైకిలే. ఫ్రిజ్‌లు, బీరువాలు, గడియారాలు, బస్సుల బాడీలు అన్నీ ఇదే ఊళ్లో చేసిన కంపెనీ అని గర్వంగా చెప్పేవారు.

పొద్దున్నే మమ్మల్ని లేపి చిక్కడపల్లి సెంట్రల్ లైబ్రరీకి పంపేవారు. ఆలస్యమైతే కుర్చీ దొరకదని మాకన్నా ఆయనకే టెన్షన్. కాసేపటికి ఆయనా వచ్చి పేపర్లు చదువుకునేవారు. నోటిఫికేషన్లు లేక నా చేతిలో డబ్బులు అయిపోయినప్పుడు నాలుగు నెలలు అద్దె ఊసే ఎత్తలేదు. నేను తలొంచుకుని మెట్లు దిగుతుంటే "ఏం తిన్నవ్ బిడ్డా?" అని మాత్రం అడిగేవారు. ఆ గొంతు నాకింకా వినిపిస్తుంది.

ఎండాకాలం వస్తే మా గదుల్లో ఫ్యాన్లన్నీ విప్పేవారు. టేబుల్ ఫ్యాన్ బుష్‌లో రెండు చుక్కలు కుట్టుమిషన్ నూనె. సీలింగ్ ఫ్యాన్ స్పీడ్ తగ్గితే ముందు కండెన్సర్ మార్చి చూడాలి, మోటార్ పోయిందని భయపడొద్దు. ఇవన్నీ నన్ను స్టూలు పట్టుకోమని నిలబెట్టి చెప్పేవారు. ఉద్యోగం వచ్చి నేను వేరే ఇంటికి మారాక కూడా మార్చి నెలలో ఫోన్ చేసి "ఫ్యాన్లకు నూనె వేసినవా?" అని అడిగేవారు.

2021 మేలో, లాక్‌డౌన్ మొదలైన వారానికి, తాత గుండె ఆగి పోయారు. అంత్యక్రియలకు ఇరవై మందికి మించకూడదని రూల్. వాళ్ల చుట్టాలే ఎక్కువయ్యారు. నేను అంబర్‌పేట శ్మశానవాటిక గేటు బయట నిలబడ్డాను. ఎవరినీ తప్పు పట్టలేను, కానీ ఆ నిలబడటం ఇప్పటికీ గొంతుకు అడ్డం పడుతుంది. మీ బాధ నాకు తెలుసు అన్నది ఇందుకే.

మర్నాడు రాత్రి ఆయన కూతురు ఫోన్ చేసింది. నేను అక్కా అనే పిలుస్తాను. మూడో రోజు పిట్టకు పెట్టాలి కదా, పోయినవాళ్లకు ఇష్టమైనవి వండి పెడతారు. "తమ్ముడూ, ఈమధ్య నాన్న ఏం ఇష్టంగ తినేటోడు?" అంది. చింతకాయ తొక్కు అన్నాను. అవతల చప్పుడు లేదు. "బీపీ ఉందని పదేండ్లయితంది నేను తొక్కు పెట్టక" అంది. మా అమ్మ ఊరి నుంచి పంపే తొక్కు కోసం తాత మోకాళ్లు పట్టుకుంటూ డాబా ఎక్కేవారని, వేడి అన్నంలో మాతో కలిసి తినేవారని చెప్పాను. అక్క నవ్వింది, ఆ వెంటనే ఏడ్చింది. ఆ తర్వాత గంటసేపు ఆమెకు తెలియని తాత గురించి నేను, నాకు తెలియని నాన్న గురించి ఆమె చెప్పుకున్నాం.

తెల్లారి లాక్‌డౌన్ సడలింపు టైంలో తొక్కు సీసా పట్టుకుని బండి మీద వెళ్లాను. డాబా గోడ మీద విస్తరి పెట్టారు. పది దాటితే పోలీసులు ఆపుతారని నేను ఉండలేకపోయాను. పిట్ట ముట్టిందని తర్వాత అక్క ఫోన్ చేసింది. ముందు ఏది ముట్టిందని నేను అడగలేదు.

అందుకే మీకు నేను చెప్పేది ఒక్కటే. ఆయన పిల్లలకు మీరే ఫోన్ చేయండి. మీ దగ్గరున్న పెద్దాయన వాళ్ల దగ్గర లేరు. వాళ్లు ఏమనుకుంటారో అని ఆగకండి. అక్క చేయకపోతే నేనూ జంకి ఊరుకునేవాడినే. వాట్సాప్‌లో ఆయన వాయిస్ మెసేజ్‌లు ఉంటే ఈరోజే వేరే చోట దాచుకోండి. ఫోన్ మార్చినప్పుడు నావి పోయాయి. అక్క దగ్గర ఒకటి మిగిలింది, అది పంపింది.

కర్మల్లో చోటు గురించి కూడా చెప్తాను. మహాలయ పక్షంలో విడిచే తర్పణాల్లో కారుణ్య పితరులని ఉంటారు. తల్లిదండ్రుల వంశం వాళ్లే కాదు, గురువులు, స్నేహితులు కూడా అందులో వస్తారు. గోత్రం తెలియకపోతే కాశ్యప గోత్రం చెప్పే ఆనవాయితీ ఉంది. ఈ మాట పంతులుగారి నోట విన్నరోజు నాకు ఎంత ఊరటగా అనిపించిందో చెప్పలేను. అయితే తండ్రి ఉన్నవాళ్లు తర్పణాలు విడవరు. మా నాన్న ఉన్నారు కాబట్టి నేను పెత్రమాస (మహాలయ అమావాస్య) పొద్దున తాత పేరున స్వయంపాకం ఇస్తాను: బియ్యం, పప్పు, చింతపండు, కూరగాయలు. మధ్యాహ్నం అక్కవాళ్లింట్లో భోజనం. సాయంత్రం వాకిట్లో ఎంగిలిపూల బతుకమ్మ పేరుస్తుంటే పిల్లలకు తంగేడు పూలు అందిస్తూ కూర్చుంటాను. పొద్దున పోయినవాళ్లు, సాయంత్రం పూలు, రెండూ ఒకే రోజున రావడం నాకు చాలా ఇష్టం.

అన్నీ సర్దుకున్నాయని చెప్పను. 2023లో ట్యాంక్‌బండ్ మీద మళ్లీ డబుల్ డెక్కర్ బస్సు చూసినప్పుడు, తాత చెప్పిన ఆల్విన్ బస్సుల కబుర్లు గుర్తొచ్చి బండి పక్కకు ఆపి, తాతకు ఫోన్ చేద్దామని జేబులో చెయ్యి పెట్టాను.

తాత కటింగ్ ప్లేయర్ నేను అడిగి తెచ్చుకున్నాను. మార్చిలో అక్కవాళ్లింటి ఫ్యాన్లకు కూడా నేనే నూనె వేస్తాను. స్టూలు వాళ్ల చిన్నోడు పట్టుకుంటాడు.