ట్రేసింగ్ కోడ్‌లో లీక్ ఆపితే క్రాష్ మొదలైందా? నాకూ అదే అయింది

"ఎర్రర్ దారిలో లీక్ ఉందని ఫ్రీ పెట్టాను, ఇప్పుడు కెర్నలే పడిపోతోంది, ఎక్కడ చూడాలి" అని అడిగారు కదా, ముందు మీ ఓపెన్ ఫంక్షన్ చూడండి.

బెంగళూరులో నా రెండో ఉద్యోగంలో, లినక్స్ ట్రేసింగ్‌కి (కెర్నల్ లోపల ఏం జరుగుతోందో రికార్డు చేసే ఏర్పాటు) మా టీమ్ సొంతంగా కలిపిన ఒక ఫైలు నా నెత్తిన పడింది. ట్రేసింగ్‌ని ఫైళ్లుగా చూపించే ట్రేస్‌ఎఫ్ఎస్‌లో ఇన్‌స్టాన్సెస్ కింద డైరెక్టరీ చేసి, పని అయ్యాక దాన్ని తీసేద్దామని ఆర్ఎమ్‌డిర్ కొడితే బిజీ అంటుంది, వాడేవాడు మాత్రం ఒక్కడూ లేడు. రీబూట్ చేస్తే తప్ప పోదు. రెండు రోజులు తల బద్దలు కొట్టుకుంటే తేలిందేంటంటే, ఓపెన్‌లో ముందు ట్రేస్ అర్రే (ఆ డైరెక్టరీకి కెర్నల్ లోపల ఉండే స్ట్రక్చర్) మీద రిఫరెన్స్ తీసుకుని, అంటే వాడుతున్నామని లెక్క ఒకటి పెంచి, తర్వాత మెమరీ దొరక్కపోతే ఎర్రర్ ఇచ్చి అలాగే వెళ్లిపోతున్నాం. ఫైలు మూసినప్పుడు నడిచే రిలీజ్ ఫంక్షన్ చూసుకుంటుందిలే అనుకున్నట్టున్నారు రాసినవాళ్లు. ఓపెన్ ఫెయిలైతే కెర్నల్ రిలీజ్‌ని అసలు పిలవదు. ఇక్కడ అద్దె ఇల్లు వెతికినవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు: అడ్వాన్స్ ఇచ్చి ఇంట్లో దిగకపోతే ఖాళీ చేసే రోజంటూ రాదు, మనమే వెళ్లి అడిగి తెచ్చుకోవాలి (పెయింటింగ్ పేరుతో ఎంత కోస్తారన్నది వేరే కథ).

సరే అని ఫంక్షన్ కింద, ఎర్రర్ వస్తే గోటోతో దూకడానికి లేబుల్ పెట్టి అక్కడ రిఫరెన్స్ వదిలాను. దాని పైన రిటర్న్ పెట్టడం మర్చిపోయాను! దాంతో సక్రమంగా జరిగిన ఓపెన్ కూడా లేబుల్‌లోకి జారి రిఫరెన్స్ వదిలేది, ఫైలు మూసేటప్పుడు రిలీజ్ ఇంకోసారి వదిలేది. కేఏశాన్ (కెర్నల్‌లో మెమరీ తప్పులు పట్టే టూల్) యూజ్ ఆఫ్టర్ ఫ్రీ, అంటే వదిలేసిన మెమరీని మళ్లీ వాడుతున్నారు అని అరిచేదాకా నాకు వెలగలేదు. మీదీ ఇలాంటిదేనని నా అనుమానం.

ఇలా చేత్తో వదలకుండా, ఫంక్షన్ నుంచి బయటికి రాగానే వాటంతట అవే వదిలే ఆటోమేటిక్ క్లీనప్ మాక్రోలు 2023లో కెర్నల్‌లోకి వచ్చాయి, బాగుంటాయి, కానీ ఒకే ఫంక్షన్‌లో వాటినీ గోటోలనీ కలపొద్దు.

చదివి సరిపెట్టుకోకండి, నిజంగా ఫెయిల్ చేయించండి. ఫాల్ట్ ఇంజెక్షన్ (కావాలని ఎర్రర్లు పుట్టించే సదుపాయం), అందులో మెమరీ అలొకేషన్లని ఫెయిల్ చేసే ఫెయిల్‌స్లాబ్ ఆన్ చేసి కెర్నల్ బిల్డ్ చేసి, ప్రాక్ డైరెక్టరీలో మీ టాస్క్ కింద ఉండే ఫెయిల్-ఎన్త్ ఫైలులో (ఎన్నో అలొకేషన్ ఫెయిల్ కావాలో చెప్పేది) 1 రాసి ఓపెన్ చేయండి, తర్వాత 2, 3, అలా. ఫెయిల్‌స్లాబ్‌లో ఇగ్నోర్-జీఎఫ్‌పీ-వెయిట్ మామూలుగా వై మీద ఉంటుంది, దాన్ని ఎన్ చేయకపోతే మెమరీ కోసం ఆగి నిద్రపోగల అలొకేషన్లు, అంటే ఓపెన్‌లో దాదాపు అన్నీ, ఫెయిల్ కావు. నేను ఒక పూట మొత్తం అన్నీ పాస్ అవుతున్నాయని మురిసిపోయింది అందుకే. ప్రతిసారీ ఫెయిల్-ఎన్త్ తిరిగి చదవండి: 0 వస్తే దెబ్బ తగిలినట్టు, ఇంకా నంబర్ మిగిలి ఉంటే ఆ దారిలో అంత సంఖ్యలో అలొకేషన్లు లేనట్టు, అక్కడితో ఆపేయొచ్చు.