సముద్రంలో గాలిమరలు

ప్రశ్న: రైల్లో కన్యాకుమారి వెళ్తున్నప్పుడు ముప్పందల్ దగ్గర వందలాది గాలిమరలు చూశాను. నేలమీద ఇన్ని ఉండగా తమిళనాడు సముద్రంలో కూడా కడతారని చదివాను. అంత శ్రమ ఎందుకు? నీళ్లలో వాటిని ఎలా నిలబెడతారు? మా చెన్నై తీరంలో ఎందుకు కట్టకూడదు?
– ఒక పాఠకురాలు, టి.నగర్, చెన్నై

జవాబు: గాలి వేగం రెట్టింపైతే అందులోని శక్తి ఎనిమిది రెట్లవుతుంది. చెట్లు, ఇళ్లు, గుట్టలు అడ్డులేని సముద్రం మీద గాలి వేగంగానూ నిలకడగానూ వీస్తుంది కాబట్టి అంత శ్రమకు ఫలితం ఉంటుంది. పైగా ఊళ్ల మధ్య మలుపులు తిరగలేని పొడవాటి రెక్కలను ఓడ మీద తేలికగా తీసుకుపోవచ్చు. డెన్మార్క్‌లో 1991లో విండెబీ దగ్గర మొట్టమొదట సముద్రంలో నిలిపిన 11 గాలిమరలు ఒక్కొక్కటి 450 కిలోవాట్లవి; ఇప్పుడు 15 మెగావాట్ల గాలిమర ఒక్కటే ఆ పదకొండింటికీ మూడింతలు.

నిలబెట్టడమే అసలు కష్టం. ముందుగా ధ్వని తరంగాలతోనూ, అడుగున రంధ్రాలు తొలిచి తీసిన మట్టితోనూ సముద్రగర్భాన్ని పరిశీలిస్తారు. లోతు తక్కువగా ఉండి, అడుగు అనువైనదైతే, వందల టన్నుల బరువుండే ఒకే ఉక్కు గొట్టాన్ని భారీ సుత్తితో దిగగొడతారు. లోతు పెరిగితే నాలుగు కాళ్ల ఉక్కు చట్రం వాడతారు. మరీ లోతైన చోట తేలే పునాదిని గొలుసులతో లంగరు వేస్తారు. స్కాట్లాండ్ తీరంలో 2017 నుంచి అలా తేలుతూ పనిచేస్తున్న గాలిమరలు ఐదున్నాయి. స్తంభాన్నీ రెక్కలనూ అమర్చే ఓడ తన కాళ్లను అడుగున ఆనించి, నీటి మట్టానికి పైకి లేచి నిలబడుతుంది.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. మన దక్షిణ తీరంలో గాలి బలంగా వీచేది నైరుతి రుతుపవనాల కాలంలో. అప్పుడే సముద్రమూ పోటెత్తుతుంది. ఎత్తున వేలాడే రెక్కను బిగించాలంటే గాలి నెమ్మదించాలి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపానుల భయం. అందువల్ల పనికి అనువైన రోజులు ఏడాదిలో కొన్నే, ఒక్క వారం జారినా ఓడ అద్దె ఖర్చు కొండలా పెరుగుతుంది. తయారైన విద్యుత్తును 33 లేదా 66 కిలోవోల్టుల కేబుళ్ల ద్వారా సముద్రంలోని సబ్‌స్టేషన్‌కు చేర్చి, అక్కడ వోల్టేజీ పెంచి ఒడ్డుకు తెస్తారు. లంగర్లూ వలలూ తగలకుండా కేబుళ్లను అడుగున పూడ్చిపెడతారు.

చెన్నై సంగతి: పడమటి కనుమలు ముగిసే దక్షిణ కొసన, మన్నార్ సింధుశాఖ వైపు వీచే గాలి బలం చెన్నై తీరానికి లేదు. అయితే గాలి లెక్కలు కట్టే జాతీయ పవన విద్యుత్ సంస్థ మీ ఊళ్లోనే, పళ్లికరణైలో ఉంది. కేంద్ర ప్రభుత్వం 2024 జూన్‌లో తమిళనాడుకు 500, గుజరాత్‌కు 500 మెగావాట్ల ప్రాజెక్టుల కోసం 7,453 కోట్ల రూపాయల పథకాన్ని ఆమోదించింది. అందులో 600 కోట్లు రెండు ఓడరేవులను ఈ పనికి తగ్గట్టు మెరుగుపరచడానికే.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది జాలర్ల మాట. మన్నార్ సింధుశాఖలో పగడపు దిబ్బలున్నాయి, ఆవుల్లా గడ్డి మేసే దుగాంగులనే సముద్ర క్షీరదాలున్నాయి, ఆ నీటి మీదే బతికే పల్లెలున్నాయి. గొట్టం దిగగొట్టే మోత చుట్టూ గాలి బుడగల తెర కట్టి తగ్గించవచ్చు. కానీ ఏ చోట వల వేయకూడదో, ఎన్ని నెలలో, దానికి పరిహారం ఎంతో, స్థలం ఎంచుకోక ముందే ఆ పల్లెల్లో కూర్చుని తేల్చాలి.