ఆరేళ్ల పిల్లాడి పిప్పిపన్నుకి లేజర్ చేయిస్తే నొప్పి ఉండదా?

మీ బాబుకి ఆరేళ్లు, కింది దవడ పన్ను పుచ్చింది, సూది పేరెత్తితేనే ఏడుస్తున్నాడు, లేజర్‌తో అయితే నొప్పి లేకుండా అయిపోతుందా అని అడిగారు. పుచ్చు లోతుగా లేకపోతే చాలావరకు అయిపోతుందండి. కాకపోతే బోర్డు మీద ‘లేజర్’ అని రాసి ఉన్న ప్రతిచోటా ఈ పని చేయరు. మా పాప కోసం తిరిగినప్పుడు తెలిసిన సంగతి ఇది.

మేముండేది హైదరాబాద్‌లో. మొదట వెళ్లిన క్లినిక్‌లో లేజర్ ఉందన్నారు. తీరా పాపని కుర్చీలో కూర్చోబెట్టాక చేతిలోకి తీసుకున్నది మామూలు డ్రిల్లే. అడిగితే ‘లేజర్ చిగుళ్లకి వాడతామండీ’ అన్నారు. వాళ్ల దగ్గరున్నది డయోడ్ లేజర్. చిగురు కోయడానికి అది బాగానే పనికొస్తుంది, పన్ను మాత్రం తొలచలేదు. పుచ్చు తీయాలంటే ఎర్బియం లేజర్ ఉండాలి. ఆ మెషిన్ ఖరీదు లక్షల్లో ఉంటుంది కాబట్టి తక్కువచోట్లే దొరుకుతుంది. అందుకని ఫోన్‌లోనే ‘మీ దగ్గర ఎర్బియం లేజర్ ఉందా, దాంతో పిల్లలకి పుచ్చు తీస్తారా’ అని సూటిగా అడిగేయండి. నీళ్లు నమిలితే ఇంకోచోట చూసుకోవచ్చు.

ఎర్బియం లేజర్లలో ఎక్కువగా వాడే రకం కాంతి తరంగదైర్ఘ్యం 2940 నానోమీటర్లు. ఆ కాంతిని నీరు బాగా పీల్చుకుంటుంది. పుచ్చిన భాగంలో గట్టి పన్నులో కంటే తేమ ఎక్కువ. ఆ తేమ ఒక్కసారిగా ఆవిరై, పుచ్చుని నలుసులు నలుసులుగా ఎగరగొడుతుంది. పన్ను వేడెక్కకుండా నీళ్లు చిమ్ముతూనే ఉంటాయి. పిల్లలు హడలిపోయే ఆ డ్రిల్ అదురు, కీచుమనే మోత ఇందులో ఉండవు. కొత్త ప్రయోగమేమో అని టెన్షన్ పడక్కర్లేదు, అమెరికాలో మందులకీ, వైద్య పరికరాలకీ అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ 1997లోనే దీన్ని పళ్ల మీద వాడటానికి అనుమతిచ్చింది.

చప్పుడే ఉండదనుకోకండి. పోపులో ఆవాలు వేగినట్టు చిటపటమంటుంది. ఎర్బియం లేజర్ ఉన్న ఇంకో క్లినిక్‌లో మా డాక్టరమ్మ ముందుగా లేజర్ ఆన్ చేయకుండా పాప గోటి మీద గాలి, నీళ్లు చిమ్మి చూపించింది. పాపకీ, పక్కన నిలబడ్డ నాకూ ప్రత్యేకమైన కళ్లద్దాలు పెట్టింది. నొప్పనిపిస్తే ఎడమ చెయ్యి ఎత్తమంది. మధ్యలో మా పాప ఎత్తింది. వెంటనే ఆపి, పవర్ తగ్గించి మళ్లీ మొదలుపెట్టింది. తర్వాత అడిగితే ‘చల్లగా జివ్వుమంది’ అంది పాప. చివర్లో మెత్తబడిన భాగాన్ని చేత్తోనే గీకి తీసి సిమెంట్ పెట్టారు. మత్తు ఇంజెక్షన్ అవసరం పడలేదు. అయితే డ్రిల్ కంటే టైమ్ ఎక్కువ తీసుకుంటుంది, డబ్బూ ఎక్కువే. కుదురుగా నోరు తెరుచుకుని కూర్చోలేని పిల్లలకి ఆ టైమే కష్టం.

అందరికీ ఇలాగే జరుగుతుందని నేను చెప్పలేను. వైద్య పరిశోధనలన్నీ కలిపి బేరీజు వేసే కోక్రేన్ సంస్థ సమీక్ష 2016లో వచ్చింది, అందులో 662 మంది మీద జరిగిన 9 ట్రయల్స్ పరిశీలించారు. లేజర్‌తో నొప్పి, మత్తు అవసరం తగ్గే అవకాశముందని, కానీ ఆధారాలు అంత బలంగా లేవని తేల్చారు. పుచ్చు నరం దాకా వెళ్లి, పిల్లాడు రాత్రిళ్లు లేచి ఏడుస్తుంటే మటుకు లేజర్ ఉన్నా సరే మత్తు ఇవ్వాల్సి వస్తుంది. అప్పుడు చిగురుకి ముందు మొద్దుబరిచే జెల్ రాసి కాసేపు ఆగమని అడగండి, సూది గుచ్చిన నొప్పి బాగా తగ్గుతుంది.

లేజర్ దొరక్కపోతే కంగారేం లేదు. సిల్వర్ డయామిన్ ఫ్లోరైడ్ అనే మందు పూస్తే చాలా పుచ్చులు అక్కడితో ఆగిపోతాయి. సూదీ ఉండదు, డ్రిల్లూ ఉండదు. పూసినచోట పుచ్చు నల్లగా మారి అలాగే ఉండిపోతుంది, వెనక పన్నే కాబట్టి నాకైతే అదేమీ పెద్ద విషయం కాదు. పాల దవడ పన్నుకైతే అసలు తొలవకుండానే స్టీలు క్యాప్ నొక్కి బిగించే హాల్ టెక్నిక్ కూడా ఉంది. పిల్లల పళ్ల స్పెషలిస్టుని, అంటే పీడోడాంటిస్టుని, ఈ రెండిటి గురించీ అడిగి చూడండి.

‘పాలపన్నేగా, ఎలాగూ ఊడిపోయేదే’ అని ఇంట్లో పెద్దవాళ్లు అంటారు. మా అత్తగారూ అన్నారు. పాల దవడ పళ్లు పది పన్నెండేళ్ల దాకా ఉండాల్సినవి. పైగా ఆరేళ్లకి, ఏ పన్నూ ఊడకుండానే, వాటి వెనకాల శాశ్వత దవడ పన్ను వచ్చేస్తుంది. మీ బాబుకి పుచ్చింది అదేనేమో ముందు కనుక్కోండి. ఎక్స్‌రే తీయించాక పుచ్చు ఎంత లోతుందన్నారో ఇక్కడ రాయండి, మాకు చెప్పినవి ఇంకేమైనా మీకు పనికొస్తాయేమో చూస్తాను.