పాయింట్ల పట్టిక తర్వాత చూడవచ్చు, ముందు తాకట్టు పత్రం చూడు

పోర్ట్స్‌మత్

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

మీ క్లబ్ ఇంగ్లండ్ ఫుట్‌బాల్‌లో మూడో అంచె అయిన లీగ్ వన్‌కు పడిపోయిందనీ, ఆటగాళ్ళకు జీతాలు సమయానికి అందడం లేదనీ రాశావు. ఇలాంటి పరిస్థితిలో సీజన్ టికెట్ మళ్ళీ కొనాలా వద్దా అని అడిగావు. చెబుతాను. కానీ అంతకంటే ముందు తేల్చుకోవలసింది ఒకటుంది: మీ స్టేడియం ఎవరి పేరున ఉంది, ఎవరి దగ్గర తాకట్టులో ఉంది? పోయిన పాయింట్లు ఏడాదికో రెండేళ్ళకో తిరిగి వస్తాయి. మైదానం చేజారితే క్లబ్బే మిగలకపోవచ్చు.

బరీ సంగతి తెలుసుకో. 1885లో పుట్టిన క్లబ్, రెండుసార్లు ఎఫ్ఏ కప్ గెలిచింది. 2019 వేసవికి ముందు నాలుగో అంచె అయిన లీగ్ టూ నుంచి పై డివిజన్‌కు ఎక్కింది. పట్టిక చూసినవాళ్ళు సంబరాలు చేసుకున్నారు. అదే ఆగస్టు 27న లీగ్ ఆ క్లబ్‌ను బహిష్కరించింది. వాళ్ళ మైదానం గిగ్ లేన్ అప్పటికే తాకట్టులో ఉంది, అప్పులు కొండలా పేరుకుపోయాయి. ఎక్కిన క్లబ్ గతి అది. పడిపోయిన క్లబ్‌కు పట్టిక ఏం చెబుతుంది?

కంపెనీల వివరాలు నమోదు చేసే ప్రభుత్వ సంస్థ కంపెనీస్ హౌస్ వెబ్‌సైట్‌లో మీ క్లబ్ పేరు కొట్టు, డబ్బేమీ కట్టనక్కర లేదు. లెక్కలు గడువులోగా సమర్పించారా లేదా అన్నది మొదట చూడు. ఆలస్యమైతే ఏదో దాస్తున్నారని అనుమానించు. తర్వాత 'ఛార్జెస్' అనే విభాగం తెరువు. అప్పిచ్చినవాడి పేరు, తేదీ, ఏ ఆస్తి మీద హక్కు రాయించుకున్నాడో అందులో ఉంటాయి. తాకట్టు పత్రాన్నే దించుకుని చదవవచ్చు. అప్పిచ్చినవాడు పేరున్న బ్యాంకు అయితే ఒక రకం. ఎవరూ వినని ఫైనాన్స్ కంపెనీ అయితే, వచ్చే ఏడాది అందవలసిన సొమ్ము మీద కూడా ముందే అప్పు తెచ్చి ఉండవచ్చు. ఆ తర్వాత భూముల యాజమాన్యం నమోదు చేసే ల్యాండ్ రిజిస్ట్రీలో కొద్దిపాటి రుసుము కట్టి స్థలం ఎవరి పేరున ఉందో చూడు. క్లబ్ పేరూ స్థలం పేరూ వేరైతే మరింత జాగ్రత్త పడాలి. డెర్బీ కౌంటీ క్లబ్ యజమాని 2018లో ప్రైడ్ పార్క్ స్టేడియాన్ని 8 కోట్ల పౌండ్లకు పైబడిన ధరకు తన సొంత కంపెనీకే అమ్ముకున్నాడు. ఆ తర్వాత క్లబ్ మునిగినప్పుడు, కొనడానికి వచ్చినవాడు క్లబ్‌కు వేరుగా, స్టేడియానికి వేరుగా బేరమాడవలసి వచ్చింది. 2022లో స్థానిక వ్యాపారి డేవిడ్ క్లోస్ ముందు స్టేడియం సంగతి తేల్చాకే క్లబ్‌ను చేతిలోకి తీసుకున్నాడు.

పాయింట్ల కోత గురించి భయపడుతున్నావు. భయపడవలసిందే. అడ్మినిస్ట్రేషన్‌లోకి వెళితే, అంటే అప్పులు తీర్చలేక క్లబ్ నిర్వహణ దివాలా నిపుణుడి చేతికి పోతే, 12 పాయింట్లు తీసేస్తారు. డెర్బీకి 2021–22లో మొత్తం 21 తీశారు. అప్పటి మేనేజర్ వేన్ రూనీ కుర్రాళ్ళతో ఆడించి 55 పాయింట్లు సాధించాడు, పట్టికలో మిగిలినవి 34. కింది లీగ్‌కు పడిపోయారు. ఆ కోత లేకపోతే హాయిగా నిలబడేవాళ్ళు. ఈ కోతను నువ్వు ఆపలేవు, దాని మీద రాత్రుళ్ళు నిద్ర పాడుచేసుకోకు.

ఇక కొత్త యజమాని. ఎవరో ఒకరు కొంటే చాలని మీ వాళ్ళంతా ఎదురుచూస్తున్నారని రాశావు. ఇక్కడ 2009–10 సీజన్ ఒక్కదానిలో మా పోర్ట్స్‌మత్ క్లబ్ నలుగురు యజమానుల చేతులు మారింది. వాళ్ళలో ఒకాయన ఆరు వారాలు కూడా నిలవలేదు. ప్రతి మార్పూ పెనం మీది నుంచి పొయ్యిలో పడ్డట్టే అయింది. 2008లో ఎఫ్ఏ కప్ ఎత్తిన జట్టు, 2010 ఫిబ్రవరిలో అడ్మినిస్ట్రేషన్‌లోకి వెళ్ళిన తొలి ప్రీమియర్ లీగ్ (అన్నిటికంటే పై అంచె) క్లబ్ అయింది. అప్పులవాళ్ళ జాబితా బయటికి వచ్చినప్పుడు చదివాను. అందులో సెయింట్ జాన్ అంబులెన్స్ పేరు కూడా ఉంది, మ్యాచ్ రోజున గాయపడ్డవారికి కట్టు కట్టే స్వచ్ఛంద సంస్థ! ఫుట్‌బాల్ నియమం ప్రకారం ఆటగాళ్ళకూ ఇతర క్లబ్‌లకూ బాకీ పూర్తిగా తీర్చాలి. చిన్న సరఫరాదారులకు పౌండుకు కొన్ని పెన్నీలు దక్కితే గొప్ప. ఇప్పటికీ నాకు మింగుడుపడని అన్యాయం అది. అందుకే కొత్తవాడు వస్తే ఏ ఆటగాడిని కొంటాడని అడగకండి. డబ్బు ఎక్కడిదో, అది పెట్టుబడో అప్పో, ఊళ్ళో వాళ్ళ బాకీలు ఎలా తీరుస్తాడో అడగండి.

అన్నిటికంటే ముఖ్యమైన పని, అభిమానుల ట్రస్ట్, అంటే క్లబ్ కోసం అభిమానులంతా కలిసి పెట్టుకునే సంఘం. మీ ఊళ్ళో ఉంటే చేరు, లేకపోతే పదిమందిని కూడగట్టు. ఎలా నమోదు చేయాలో ఫుట్‌బాల్ సపోర్టర్స్ అసోసియేషన్ వాళ్ళు చెబుతారు. నిప్పంటుకున్నాక బావి తవ్వితే లాభం లేదు. 2012లో మా క్లబ్ రెండోసారి అడ్మినిస్ట్రేషన్‌లో పడేనాటికి ట్రస్ట్ ఉంది కాబట్టే క్లబ్‌ను కొనడానికి ముందుకు రాగలిగింది. వాటా వెయ్యి పౌండ్లు. అంత పెట్టలేనివాళ్ళు నలుగురైదుగురు కలిసి ఒక వాటా తీసుకున్నారు. రేవులో పనిచేసేవాళ్ళు, బడిపంతుళ్ళు, పింఛనుదారులు, రెండు వేలమందికి పైగా ఊరిజనం. నగర కౌన్సిల్ అప్పిచ్చింది. మా మైదానం ఫ్రాటన్ పార్క్ మీద హక్కున్న అప్పులవాడితో వ్యవహారం హైకోర్టు దాకా వెళ్ళి, 2013 ఏప్రిల్‌లో తేలింది. అదే నెలలో జట్టు నాలుగో అంచె లీగ్‌కు పడిపోయింది. అయినా ఆ వేసవిలో పదివేలకు పైగా సీజన్ టికెట్లు అమ్ముడుపోయాయి! ఏడాదిన్నరలో పాత అప్పులన్నీ తీరాయి. 2017లో లీగ్ టూ గెలిచాం, 2024లో లీగ్ వన్. పైకి రావడానికి పదేళ్ళు దాటింది, ఒప్పుకుంటాను. కానీ ఆడటానికి మా మైదానం మాకు ఉంది.

ట్రస్ట్ నిలబడ్డాక స్టేడియాన్ని 'సమాజానికి విలువైన ఆస్తి'గా నమోదు చేయమని మీ కౌన్సిల్‌కు దరఖాస్తు పెట్టండి. 2011 లోకలిజం చట్టం ఆ హక్కు ఇచ్చింది. అప్పుడు అమ్మకానికి పెట్టినా, మీరు కొనడానికి ప్రయత్నిస్తామంటే ఆరు నెలలు ఆగాలి. మీకే అమ్మాలని లేదు, కానీ డబ్బు పోగుచేసుకోవడానికి ఆ వ్యవధి బంగారం.

సీజన్ టికెట్ కొను. కానీ క్రెడిట్ కార్డు మీదే కొను. వంద పౌండ్లు దాటిన కొనుగోలుకు, సొమ్ము తీసుకున్నవాడు మునిగినా, కార్డు సంస్థను డబ్బు అడిగే హక్కు చట్టం ఇస్తుంది. డెబిట్ కార్డుకు ఆ చట్టబద్ధమైన రక్షణ లేదు. మీ క్లబ్ కౌంటర్‌లో నగదు ఇవ్వనే ఇవ్వకు. యజమాని మీద కోపంతో మైదానానికి వెళ్ళడం మానేయాలనుకునేవారిని తప్పు పట్టను. వెళితే మాత్రం కుర్రాళ్ళను ఈలలు వేసి ఎగతాళి చేయకు. 2019 ఆగస్టులో బోల్టన్ క్లబ్ చాలావరకు అకాడమీ పిల్లలతోనే జట్టు దింపింది. వాళ్ళు కావెంట్రీని గోల్ లేకుండా ఆపారు. తర్వాత వరుసగా చిత్తుగా ఓడారు. పిల్లలు అలిసిపోయారని క్లబ్ ఒక మ్యాచ్‌నే వాయిదా వేసుకుంది. మీ జట్టులోనూ ఈ ఏడాది అలాంటివాళ్ళే ఆడతారు. పద్దెనిమిదేళ్ళవాడు బంతి వదిలేస్తే చప్పట్లు కొట్టు. టీ కొట్టు దగ్గర, గేటు దగ్గర పనిచేసేవాళ్ళను పలకరించు, జీతం వచ్చిందా అని అడుగు. క్లబ్ లోపల ఏం జరుగుతోందో పత్రికలకంటే ముందు వాళ్ళకే తెలుస్తుంది.

ఆ తాకట్టు పత్రం ఈ ఆదివారంలోపు దించి నాకు పంపు. న్యాయభాష అర్థంకాకపోతే ఫోన్‌లో ఇద్దరం కలిసి ఒక్కొక్క పేరా చదువుదాం. అమ్మను అడిగానని చెప్పు.

ఇట్లు,
మీ మామయ్య